ప్యాట్ సమిట్ పెట్టిన వేరు కాపురం

మా ఆఫీసులో కనెటికట్ రాష్ట్రం నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉన్నాడు. పదకొండు నెలలు మర్యాదస్తుడే. మార్చి వచ్చి కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటు మొదలైతే మాత్రం నన్ను చూడగానే ఆయనకు నాలుక దురద పెడుతుంది. నేను టెనెసీ విశ్వవిద్యాలయంలో చదువుకున్నానని తెలుసు కదా. 2025 మార్చిలో భోజనాల బల్ల దగ్గర ఆయన వేసిన బాణం ఇది: మీ టెనెసీ అమ్మాయిల జట్టును నడిపిన ప్యాట్ సమిట్ గొప్ప కోచే, ఎవరూ కాదనరు, కానీ ఆవిడ కట్టింది ప్రోగ్రాం కాదు. ప్రోగ్రామే అయితే ఆవిడ వెళ్ళాక కూడా నిలబడాలి. 2008 తర్వాత మీ అమ్మాయిల జట్టు ఒక్కసారైనా ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల పోటీ, ముఖం చూసిందా?

చూడలేదు. అది నిజం. నోట్లో ముద్ద ఉండటం వల్ల అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ముద్ద మింగాక కూడా వెంటనే ఏమీ తోచలేదు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

ముందు ఆ మాట సంగతి. మనకు ప్రోగ్రాం అంటే ఆకాశవాణిలో వచ్చేది, లేకపోతే కంప్యూటర్లో రాసేది. అమెరికా కాలేజీ ఆటల్లో దాని అర్థం వేరు. టీము అంటే ఈ ఏడు చొక్కా వేసుకున్న పన్నెండు పదమూడు మంది. నాలుగేళ్ళు తిరిగేసరికి వాళ్ళు చదువు ముగించుకుని వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక కూడా మిగిలేది ప్రోగ్రాం: కోచ్‌ల బృందం, సాధన పద్ధతి, ఊళ్ళో టికెట్టు కొని వచ్చే జనం, ఎక్కడో వెయ్యి మైళ్ళ దూరం నుంచి కూతుర్ని పంపించే తల్లిదండ్రుల నమ్మకం. టీము పంట అయితే ప్రోగ్రాం సేద్యం. ఆ లెక్కన మా పెద్దమనిషి ప్రశ్నకు అర్థం ఉంది. పదిహేడేళ్ళుగా పెద్ద పంట లేని పొలాన్ని చూపించి, ఇక్కడ గొప్ప రైతు ఉండేదంటే ఎవరైనా అనుమానించాల్సిందే.

నేను ఎం.ఎస్. చదవడానికి టెనెసీ విశ్వవిద్యాలయం ఉన్న నాక్స్‌విల్‌లో దిగింది 2011 ఆగస్టులో. బియ్యం ఎక్కడ దొరుకుతాయో ఇంకా తెలియదు. ఆ నెల 23న ఊరు ఊరంతా మొహం వేలాడేసుకుని కనిపించింది. బస్సులో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరైనా పోయారేమో అనుకున్నాను. ఎవరూ పోలేదు. 59 ఏళ్ళ ఒక బాస్కెట్‌బాల్ కోచ్ తనకు అల్జీమర్స్ వచ్చిందని ప్రకటించింది, అంతే. ఆడపిల్లల జట్టుకు కోచ్! నాకు నమ్మకం కుదరలేదు. మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు మగపిల్లలకు వాలీబాల్ ఇచ్చి, మాకు వేపచెట్టు కింద టెన్నికాయిట్ రింగు ఒకటి పడేసేవారు. అది కూడా పదో తరగతికి వచ్చేసరికి వద్దన్నారు. అమ్మాయిలు ఆడితే చూడటానికి జనం వస్తారన్న ఊహే నాకు కొత్త. ఆ శీతకాలం ప్రయోగశాలలో తోటి విద్యార్థిని దగ్గర టికెట్టు ఒకటి మిగిలితే వెళ్ళాను. అంత పెద్ద స్టేడియం నిండా నారింజ రంగు, అరుపులు, బ్యాండు మేళం. బెంచి చివర ఒక సన్నటి స్త్రీ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. లేచి మాట్లాడుతున్నది ఎక్కువగా పక్కనున్న సహాయకురాలే. నేను చూసిన ప్యాట్ సమిట్ అంతే. మిగతాదంతా తర్వాత చదివి, విని, ఆ ఊరివాళ్ళ చేత చెప్పించుకుని పోగుచేసుకున్నది.

1974లో ఆవిడకు 22 ఏళ్ళు. సహాయకురాలిగా చేరబోతే, ఉన్న కోచ్ సెలవు మీద వెళ్ళిపోవడంతో జట్టు మొత్తం చేతిలో పడింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టులో కొందరు ఆవిడకన్నా ఒక్క ఏడాదే చిన్న. ఒకపక్క తానే ఎం.ఎస్. చదవాలి, వ్యాయామ విద్య క్లాసులు చెప్పాలి, దెబ్బతిన్న మోకాలును బాగుచేసుకుని 1976 ఒలింపిక్స్‌కు సిద్ధం కావాలి. జట్టు వ్యాను తోలేది ఆవిడే, చొక్కాలు ఉతికేది ఆవిడే. ఆ చొక్కాలు కూడా అంతకుముందు ఏడాది డోనట్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి. పరాయి ఊరికి ఆటకు వెళితే రాత్రి పడక ఆ కాలేజీ వ్యాయామశాలలో నేల మీదే. మొదటి ఆట మెర్సర్ కాలేజీ మీద 83–84తో, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. చూడటానికి వచ్చినవాళ్ళు వందమంది కూడా లేరు.

ఇక్కడ అందరూ ఆవిడ పట్టుదలను పొగిడి కథ ముందుకు నడిపిస్తారు. నాకు మాత్రం ఆవిడ తండ్రి గుర్తుకు వస్తాడు. టెనెసీలో పాడిపశువులు, పొగాకు పెంచే రైతు. కూతురి చేత కూడా ముగ్గురు అన్నలతో సమానంగా గడ్డి మోయించాడు, పొగాకు నరికించాడు. సాయంత్రం పనయ్యాక గడ్డి దాచే అటక మీద కట్టిన రింగులో అన్నలతో ఆట. క్లార్క్స్‌విల్‌లో అమ్మాయిలకు హైస్కూలు జట్టు లేదని తెలిసి, జట్టు ఉన్న పక్క కౌంటీకి కాపురం మార్చేశాడు. ఆడపిల్ల ఆట కోసం ఇల్లు మార్చిన రైతు మన దగ్గరైనా, అక్కడైనా, 1960లలో ఎంతమంది ఉంటారు?

ఆ హైస్కూలు ఆట కూడా ఎలాంటిదో తెలిస్తే నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి. టెనెసీలో అమ్మాయిలకు ఐదుగురి ఆట కాదు, ఆరుగురి ఆట. ముగ్గురు కోర్టు ఒక సగంలో ఉండి బంతి వేస్తారు, ముగ్గురు రెండో సగంలో ఉండి అడ్డుకుంటారు. మధ్య గీత ఎవరూ దాటకూడదు. ఆడపిల్లలు కోర్టు మొత్తం పరుగెడితే తట్టుకోలేరని పెద్దల అభిప్రాయం. అంటే అడ్డుకునే ముగ్గురూ హైస్కూలు అంతా ఆడినా ఒక్కసారి కూడా బుట్టలో బంతి వేయరు! 1976లో అలా అడ్డుకునే అమ్మాయి ఒకతె, ఆట కోర్టులో గీత దాటనివ్వడం లేదని న్యాయం చెప్పే కోర్టుకు వెళ్ళింది. కింది కోర్టులో గెలిచి పై కోర్టులో ఓడింది. కోర్టు చేయలేని పని ఒత్తిడి చేసింది. సొంత రాష్ట్రం పిల్లలకు సగం ఆటే వస్తే తన జట్టులోకి వాళ్ళను ఎలా తీసుకోనని సమిట్ బహిరంగంగానే అడిగింది. 1979లో టెనెసీ ఐదుగురి ఆటకు మారింది. అయోవా 1993 దాకా, ఓక్లహామా 1995 దాకా ఆ గీతను పట్టుకు వేలాడాయి.

మా పెద్దమనిషికి నా మొదటి జవాబు ఇదే. సేద్యం అంటున్నావు కదా, ఆవిడ చేతికి వచ్చింది పొలం కాదయ్యా, బీడు. కాలేజీ జట్టు కట్టడానికి ముందు హైస్కూలు నిబంధనలు మార్పించాల్సి వచ్చిన కోచ్‌ను, అన్నీ అమరిన చోట ఉద్యోగంలో చేరిన కోచ్‌తో ఒకే గజంబద్దతో కొలవకూడదు.

బీడు ఊరికే చదును కాలేదు, చట్టం సాయం చేసింది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ ప్రకారం ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలు ఆడ, మగ తేడా చూపకూడదు. అయితే చట్టం దేశమంతటికీ వచ్చింది, నాక్స్‌విల్‌కు ఒక్కదానికే రాలేదు. అది తలుపు తెరిచింది. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించినవాళ్ళు తక్కువ. సమిట్‌కు కూడా మొదటి జాతీయ టైటిల్ 1987లో గానీ రాలేదు. 13వ సీజన్! అప్పటికి 1980, 1981, 1984 ఫైనళ్ళలో ఓడి ఉంది. అమెరికా జట్టుకు 1984 ఒలింపిక్ స్వర్ణం తెచ్చిపెట్టింది, కానీ సొంత ఇంట్లో అల్మరా ఖాళీ. ఈ రోజుల్లో ఏ కాలేజీ అయినా పదమూడేళ్ళు ఆగుతుందా? నాలుగో ఏడాదే లెక్క చూసి పంపించేస్తారు. ఆగిన కాలేజీకి కూడా నేను దండం పెడతాను.

ఆగడానికి కారణం ఒకటుంది. నా వాదనకు ఇరుసు కూడా అదే. టెనెసీలో 1970ల నడుమ నుంచి 2012 దాకా ఆడవాళ్ళ క్రీడా విభాగం మగవాళ్ళ విభాగం నుంచి పూర్తిగా వేరు. వేరే డైరెక్టరు, వేరే బడ్జెట్, టికెట్లు అమ్మేవాళ్ళు వేరు, పత్రికలతో మాట్లాడేవాళ్ళు వేరు. 1983 నుంచి చివరిదాకా జోన్ క్రోనన్ ఆ విభాగాన్ని నడిపింది. మన మాటల్లో చెప్పాలంటే వేరు కాపురం. ఉమ్మడి ఇంట్లో అయితే చిన్నకోడలికి చివర మిగిలిన అన్నమే. లక్షమంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం ఉన్న కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ చిన్నకోడలు కాక మరేమిటి? వేరు పడటం వల్ల పొయ్యి చిన్నదైనా సొంతమైంది. ఎన్ని టికెట్లు అమ్మాలో, ఎవరిని పిలవాలో, ఓడినప్పుడు ఎంతకాలం ఓపిక పట్టాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. 1987 డిసెంబరు 9న, కొత్తగా కట్టిన థాంప్సన్–బోలింగ్ అరీనాలో టెక్సస్ మీద ఆటకు 24,563 మంది వచ్చారు. పదమూడేళ్ళ కిందట వందమంది లేని ఆటకు! టెనెసీ ఆ రోజు ఓడింది. జనం మాత్రం మళ్ళీ వచ్చారు.

వేరు కాపురాన్ని వెలివాడ అనేవాళ్ళు ఉన్నారు. ప్రత్యేకంగా 'లేడీ' అని తోక తగిలించడం ఎందుకు, అందరూ ఒకటే కదా అంటారు. టెనెసీ జట్ల పేరు వాలంటీర్లు. మన గ్రామ వాలంటీర్లు కాదు, 1812 యుద్ధంలో స్వచ్ఛందంగా వెళ్ళిన సైనికుల పేరు మీద వచ్చింది. ఆడవాళ్ళ జట్లు లేడీ వాలంటీర్లు. 2015లో విశ్వవిద్యాలయం ఆ 'లేడీ'ని తీసేసింది, సమిట్ మీద గౌరవంతో బాస్కెట్‌బాల్‌కు మాత్రం ఉంచింది. పేరు పోయిందని గోల పెట్టింది ఎవరనుకున్నారు? ఆ పేరుతో ఆడిన అమ్మాయిలు, వాళ్ళ అభిమానులు. 2017లో పేరు తిరిగి వచ్చింది. సమానత్వం పేరుతో సొంత గుమ్మం తీసేస్తుంటే ఊరుకోని ఆ కోపం నాకు బాగా అర్థమవుతుంది.

సమిట్‌కు మగవాళ్ళ జట్టును అప్పగించాలని కాలేజీ ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది. వద్దంది. అది పైమెట్టు అని ఎందుకు అనుకుంటున్నారని ఎదురు ప్రశ్న వేసింది. నాకు ఆవిడ 1,098 విజయాలకన్నా ఈ ప్రశ్న పెద్దదిగా కనిపిస్తుంది. 2006లో కుదిరిన ఒప్పందంతో ఆవిడ జీతం ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. ఆడపిల్లల జట్టు కోచ్‌లలో అంత తీసుకున్నది ఆవిడే మొదలు. పైమెట్టు కావాలంటే ఉన్నచోటే కట్టుకుంది.

కొత్త పిల్లల్ని జట్టులోకి రప్పించడం అక్కడ అచ్చం పెళ్ళిచూపులే. కోచ్ అమ్మాయి ఇంటికి వెళ్ళి సోఫాలో కూర్చోవాలి, తల్లిదండ్రులు గుచ్చిగుచ్చి అడుగుతారు, కాఫీ ఇస్తారు, తర్వాత కబురు చేస్తామంటారు. 1990 సెప్టెంబరులో సమిట్ నిండు గర్భిణి. పెన్సిల్వేనియాలో మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయి ఇంటికి విమానంలో వెళ్ళింది. సోఫాలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. చెప్పవలసినది చెప్పి లేచింది. తిరుగు ప్రయాణంలో పరిస్థితి చూసి పైలట్ వర్జీనియాలో దించుతానంటే ససేమిరా అంది. ఆ ఏడాదే వర్జీనియా జట్టు చేతిలో ఓడిపోయింది మరి, బిడ్డ ఆ నేల మీద పుట్టడమా! కొడుకు నాక్స్‌విల్‌లోనే పుట్టాడు. ఇంత చేస్తే ఆ అమ్మాయి నోటర్ డామ్ కాలేజీలో చేరింది. ఏడాది తిరిగాక మనసు మార్చుకుని టెనెసీకి వచ్చింది. 1996లో టెనెసీ కప్పు గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఈ కథ చెప్పి నాక్స్‌విల్ వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నేను నవ్వుతాను గానీ, మగ కోచ్‌లు ఎవరూ ఇలాంటి ప్రయాణం చేయనక్కర్లేదు కదా అని ఒక ముల్లు గుచ్చుకుంటుంది.

సాధన ఎలా ఉండేదంటే, కాలేజీలో మామూలుగా చదువుకునే మగపిల్లల్ని పిలిచి వాళ్ళమీద ఆడించేది. తనకన్నా ఎత్తు, బలం ఉన్నవాళ్ళను రోజూ ఢీకొన్న అమ్మాయికి శనివారం ఆట తేలిక. తరగతిలో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి. క్లాసు ఎగ్గొడితే ఆట లేదు. నాలుగేళ్ళూ తన దగ్గర ఆడిన ప్రతి అమ్మాయీ పట్టా తీసుకునే వెళ్ళింది. ఒక్కరు కూడా మినహాయింపు లేదు, 38 ఏళ్ళలో! ఆట తప్ప మరేదీ అక్కర్లేదని పిల్లలకు, చదువు తప్ప మరేదీ అక్కర్లేదని ఇంకొందరు పిల్లలకు చెప్పే మనం ఈ ఒక్క లెక్క దగ్గర కాసేపు ఆగాలి.

అన్నీ మెచ్చుకోలేను. తొలి రోజుల్లో రాత్రి పొద్దుపోయేదాకా విందులో తిరిగి వచ్చిన అమ్మాయిలను, కోర్టు నాలుగు మూలలా చెత్తడబ్బాలు పెట్టించి, వాంతి అయ్యేదాకా పరుగెత్తించింది. ఈ కథను కూడా జనం మురిపెంగా చెప్పుకుంటారు. నాకు మురిపెం లేదు. ఇరవై మూడేళ్ళ కోచ్ తన భయాన్ని పిల్లల కాళ్ళ మీద తీర్చుకున్నట్టు అనిపిస్తుంది. వయసుతో ఆవిడ మెత్తబడింది. ఆ నీలికళ్ళ చూపు మాత్రం చివరిదాకా ఎవరినీ వదల్లేదట. బెత్తం దెబ్బలు తిన్న తరం మనది. దెబ్బ కొట్టిన మాస్టారినే తలచుకుని కళ్ళు తుడుచుకుంటాం, ఆ దెబ్బవల్లే బాగుపడ్డామంటాం. దెబ్బ లేకపోయినా బాగుపడేవాళ్ళమేమో, ఎవరు చూశారు?

ఇక అసలు సంగతి. 1995 జనవరిలో కనెటికట్ విశ్వవిద్యాలయం, అంటే యూకాన్, ఇంకా ఒక్క టైటిల్ కూడా లేని జట్టు. జీనో ఆరియెమ్మా అనే కోచ్ అక్కడ పదేళ్ళుగా కష్టపడుతున్నాడు. సీజన్ నడుమ టీవీ కోసం ఒక పెద్ద ఆట కావాలన్నారు. నంబర్ వన్ జట్టయిన టెనెసీ, సొంత ఊరు వదిలి, తన సంప్రదాయానికి బలమైన పోటీ కాగల జట్టు ఇంటికి వెళ్ళి ఆడటంలో లాభం ఏముంది? ఓడితే పరువు పోతుంది, గెలిస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు. సమిట్ ఒప్పుకుంది. అమ్మాయిల ఆట దేశమంతా చూడాలంటే ఇద్దరు ఉండాలని ఆవిడకు తెలుసు. 77–66తో ఓడింది. ఆ ఏడు యూకాన్ 35 ఆటలకు 35 గెలిచి, ఫైనల్‌లో మళ్ళీ టెనెసీనే ఓడించి మొదటి కప్పు ఎత్తుకుంది. ఆ తర్వాత 2000, 2003, 2004 ఫైనళ్ళలోనూ టెనెసీని ఓడించింది. అంటే ఆవిడ అల్మరాలోకి చేరవలసిన నాలుగు కప్పులు ఆ ఇంటికి వెళ్ళాయి.

ఎన్నో ఏళ్ళు అలా ఆడాక 2007లో ఆ పోటీని సమిట్ తెంచేసింది. ఆటగత్తెలను చేర్చుకునే విషయంలో ఆరియెమ్మాతో తగువు. ఆవిడ కూడా మనిషే. కానీ 2011లో జబ్బు సంగతి తెలిశాక ఆవిడ పేరు మీద పెట్టిన నిధికి ఆరియెమ్మా 10,000 డాలర్లు పంపాడు.

మా సహోద్యోగి చెప్పని, బహుశా ఆలోచించని సంగతి ఇదే. తన ఇంటి గోడమీద వేలాడే కప్పుల్లో సమిట్ వాటా ఉంది. ఇంకా ఉన్నాయి. 1984 ఒలింపిక్ జట్టులో సమిట్ కింద ఆడిన కిమ్ మల్కీ తర్వాత కోచ్ అయి బేలర్ విశ్వవిద్యాలయానికి మూడు, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి ఒక టైటిల్ తెచ్చింది. 1990లో వర్జీనియా తరఫున ఆడి టెనెసీని ఓడించిన డాన్ స్టేలీ, మరుసటి ఏడాది ఫైనల్‌లో టెనెసీ చేతిలో అదనపు సమయంలో ఓడింది. ఇప్పుడు కోచ్‌గా సౌత్ కరోలినాను అమ్మాయిల ఆటకు రాజధానిగా మార్చింది. సమిట్ దగ్గర ఆడినవాళ్ళు, పనిచేసినవాళ్ళు పదుల సంఖ్యలో కోచ్‌లయ్యారు. ఒక ఊరి రైతు పక్క ఊళ్ళకు విత్తనాలు పంచితే, నాలుగేళ్ళ తర్వాత సంతలో ఆ రైతు ధాన్యానికి గిరాకీ తగ్గుతుంది. దాన్ని సేద్యం ఓడిపోయిందని అనగలమా?

2012 మార్చి 26న ఆవిడ చివరి ఆట నేను అద్దెగది టీవీలో చూశాను. డెమొయిన్ నగరం, ఎదుట బేలర్, ఆ బెంచి దగ్గర కిమ్ మల్కీ. 77–58. తాను నేర్పినవారి చేతిలోనే ఆఖరి ఓటమి. ఏప్రిల్ 18న పదవి వదిలేసింది: 1,098 గెలుపులు, 208 ఓటములు, ఎనిమిది జాతీయ టైటిళ్ళు. 2016 జూన్ 28న పోయింది.

తర్వాత ఏమైంది అన్న ప్రశ్నకు నేను తప్పించుకోను. అందులో సగం తప్పు టెనెసీదే. ఆవిడ వెళ్ళగానే ఆవిడ నీడనే వెతుక్కున్నారు. మొదట హాలీ వార్లిక్, ఆవిడ దగ్గరే ఆడి, ఆవిడ దగ్గరే దశాబ్దాలు పనిచేసిన మనిషి. జట్టును మూడుసార్లు చివరి ఎనిమిదిదాకా తీసుకువెళ్ళినా చాలలేదు, 2019లో పంపేశారు. తర్వాత కెలీ హార్పర్, 1996, 97, 98 టైటిళ్ళు గెలిచిన జట్లలోని అమ్మాయి. 2024లో ఆమెనూ పంపేశారు. పెద్దావిడ పటం ముందు దీపం పెట్టినంత మాత్రాన పెద్దావిడలా వంట కుదరదు. ఇందులో సమిట్ తప్పు కూడా ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు అన్నీ తానే అయింది, తన తర్వాత ఇంటికి బయటివాళ్ళు కూడా రావచ్చన్న అలవాటు చేయలేదు.

మిగతా సగం గురించి ఎవరూ మాట్లాడరు. సమిట్ వెళ్ళిన ఆ 2012లోనే రెండు క్రీడా విభాగాలనూ కలిపేశారు. క్రోనన్ పదవి పోయింది. వేరు కాపురం ముగిసి మళ్ళీ ఉమ్మడి కుటుంబం. ఖర్చు తగ్గుతుందన్నారు, కాలం మారిందన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆవిడ తర్వాత ప్రోగ్రాం నిలబడలేదనే ముందు, ఆ ప్రోగ్రామును నిలబెట్టిన ఇల్లే తీసేశారని కూడా చెప్పాలి కదా. టైటిల్ నైన్ వచ్చినప్పుడు కాలేజీ ఆడవాళ్ళ జట్లకు తొంభై శాతం పైగా ఆడ కోచ్‌లే ఉండేవారు. జీతాలు పెరిగి, విభాగాలు ఒక్కటయ్యాక ఇప్పుడు సగం కూడా లేరు. డబ్బు లేనన్నాళ్ళు ఆడవాళ్ళ పని, డబ్బు వచ్చాక అందరి పని. ఈ తమాషా మన వంటింట్లోనూ చూశాం. ఇంట్లో వండేది అమ్మ, పెళ్ళిలో డబ్బు తీసుకుని వండేవాడు వంటమాస్టారు.

ఇంత రాశాక మా పెద్దమనిషికి ఆ బాణం వేయబుద్ధి ఎందుకు పుట్టిందో చెప్పాలి. 2024లో టెనెసీ తొలిసారి బయటి మనిషిని తెచ్చుకుంది. కిమ్ కాల్డ్‌వెల్, చిన్న కాలేజీల నుంచి ఎదిగిన కోచ్, సమిట్ దగ్గర ఆడలేదు, పనిచేయలేదు. 2025 జనవరిలో సీజన్ నడుమ బిడ్డను కని, వారం తిరిగేసరికి మళ్ళీ బెంచి దగ్గర నిలబడింది. ఫిబ్రవరి 6న యూకాన్ నాక్స్‌విల్‌కు వచ్చింది. 80–76. 2007 తర్వాత వాళ్ళ మీద టెనెసీకి ఇదే తొలి గెలుపు. ఆ రాత్రి నేను సోఫా మీద ఎగిరిన ఎగురుకు కింది వాటావాళ్ళు మర్నాడు పలకరించారు. ఆఫీసులో ఆయన వారం రోజులు నా బల్ల వైపు రాలేదు. మార్చిలో తీర్చుకున్నది ఆ కక్షే.

ఏప్రిల్‌లో ఫైనల్. యూకాన్ ఒకవైపు, డాన్ స్టేలీ జట్టు ఒకవైపు. యూకాన్ గెలిచింది, వాళ్ళకు అది పన్నెండో కప్పు. సోమవారం ఆయన పెద్ద పెట్టెడు డోనట్లు తెచ్చి అందరికీ పంచాడు. నా దగ్గరకు వచ్చి పెట్టె చాచి నవ్వాడు. టెనెసీ తొలి చొక్కాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. కూర్చోమని చెప్పి, రెండు తీసుకున్నాను.